జార్ క్యాండిల్‌కి వత్తి సైజు ఎలా ఎంచుకోవాలి? పై సగం చూసి మోసపోకండి

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్న విషయం మీద. ఇంట్లో గాజు జార్‌లో క్యాండిల్ చేస్తున్నాం, వత్తి ఏ సైజు వేయాలి? ప్రశ్న చిన్నదే. జవాబు కూడా ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, ఫలానా నంబర్ వేసేయండి అని. కానీ అలాంటి ఒక్క ముక్క జవాబు నమ్ముకునే నేను ఒకసారి 40 ఇళ్ళకి ప్రమాదాన్ని రిబ్బన్ కట్టి మరీ పంపించాను. ముందు ఆ సంగతి చెప్తాను, తర్వాత పద్ధతి చెప్తాను.

మా అక్క సీమంతం. రిటర్న్ గిఫ్ట్స్ నేనే చేస్తానని మాటిచ్చాను. 40 గాజు జార్లు, సోయా వ్యాక్స్, మల్లెపూల ఫ్రాగ్రెన్స్ ఆయిల్. అప్పటికి నేను క్యాండిల్స్ మొదలుపెట్టి నాలుగు నెలలు. జార్ వెడల్పు కొలిచి, వత్తులు అమ్మేవాళ్ళు ఇచ్చిన చార్ట్‌లో ఆ వెడల్పుకి ఏ నంబర్ ఉందో చూశాను. చూసి ఊరుకున్నానా, లేదు. "కొంచెం లావుదైతే వాసన ఇంకా బాగా వస్తుంది కదా" అని దానికంటే ఒక సైజు పెద్దది తెప్పించాను.

టెస్ట్ చేయలేదా అంటే, చేశాను. ఒక జార్ వెలిగించి రెండు గంటలు కూర్చుని చూశాను. వ్యాక్స్ అంచుల దాకా చక్కగా కరిగింది. హాలంతా మల్లెల వాసన. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను. ఇంకేం, పాస్ అనుకున్నాను.

మూడు వారాల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమ్మా, నువ్విచ్చిన క్యాండిల్ గ్లాసు పగిలిపోయిందే. టప్‌మని శబ్దం వచ్చింది, చూస్తే టీపాయ్ నిండా మైనం" అంది. నా గుండె జారిపోయింది. "పెద్దమ్మా, నీ మీద ఏమీ పడలేదు కదా?" అన్నాను. "నాకేం కాలేదులే. చిన్నోడు అప్పటిదాకా అక్కడే ఆడుకుని, అప్పుడే లేచి లోపలికెళ్ళాడు. దేవుడు చల్లగా చూశాడు" అంది. చిన్నోడంటే పెద్దమ్మ మనవడు, నాలుగేళ్ళు.

ఆ రాత్రి పదకొండు దాకా అక్కా నేనూ లిస్ట్ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. "క్యాండిల్ ఇంక వెలిగించకండి, ఊరికే అలంకారానికి పెట్టుకోండి" అని. శుభకార్యానికి వచ్చినవాళ్ళకి అలా చెప్పడం ఎంత నామోషీగా ఉంటుందో ఊహించుకోండి. ఇద్దరు ముగ్గురు, "అవునమ్మా, మా దాంట్లోనూ మంట బాగా ఎత్తుగా వస్తోంది, గ్లాసు నల్లబడింది. క్యాండిల్స్ ఇంతేనేమో అనుకున్నాం" అన్నారు. ఇంతేనేమో అనుకున్నారట! అది విన్నాక ఇంకా బాధేసింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నేను జార్ పై సగమే చూశాను. గ్లాసు పగిలింది అడుగున. కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: జార్ పైన ఎలా వెలిగిందో చూసి కాదు, కింది సగంలో ఎలా వెలుగుతోందో చూసి వత్తి సైజు ఖాయం చేయాలి. ఎందుకో, ఎలాగో ఇప్పుడు చూద్దాం.

అసలు వత్తి చేసే పని ఏంటి?

మన తెలుగులో పేరు చూడండి, కొవ్వొత్తి. కొవ్వు, వత్తి. ఒకప్పుడు జంతువుల కొవ్వుతో చేసేవారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు కొవ్వు పోయి పారాఫిన్, సోయా వచ్చాయి. కానీ రెండు భాగాలు మాత్రం అవే. మనం మొదటి భాగం గురించి తెగ ఆలోచిస్తాం. ఏ వ్యాక్స్, ఏ వాసన, ఏ కలర్ అని. రెండో భాగాన్ని మాత్రం ప్యాకెట్‌లో ఏదుంటే అది వేసేస్తాం.

మండేది వత్తి కాదండి. వత్తి ఒక పైపు లాంటిది. కరిగిన వ్యాక్స్‌ని దారాల సందుల్లోంచి పైకి పీలుస్తుంది. పైకి వచ్చిన వ్యాక్స్ వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరి మండుతుంది. నమ్మకం కుదరకపోతే చిన్న ప్రయోగం ఉంది. బాగా వెలుగుతున్న క్యాండిల్‌ని ఊది ఆర్పండి. తెల్లటి పొగ లేస్తుంది కదా, వెంటనే ఆ పొగకి అగ్గిపుల్ల మంట అందించండి. వత్తిని తాకకుండానే మంట పొగ వెంట దిగివచ్చి వత్తిని వెలిగిస్తుంది. ఆ పొగలో ఉన్నది వ్యాక్స్ ఆవిరే. మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు. అందులో ఈ ప్రయోగం కూడా చేసి చూపించారు.

ఇక సైజు సంగతి. మీ తాతమ్మ వాళ్ళ ఇంట్లో కిరసనాయిలు లాంతరు చూశారా? లేకపోతే సినిమాల్లోనైనా చూసుంటారు. పక్కన చిన్న మర ఉంటుంది. అది తిప్పితే వత్తి పైకి లేస్తుంది, వెలుగు పెరుగుతుంది. మరీ ఎక్కువ తిప్పితే మంట పొగ కక్కి చిమ్నీ నల్లగా మసి పడుతుంది. మరీ తక్కువైతే మిణుకు మిణుకుమని ఆరిపోతుంది. క్యాండిల్‌లోనూ అదే లెక్క. వత్తి లావైతే వ్యాక్స్ ఎక్కువ పీలుస్తుంది, మంట పెద్దదవుతుంది, ఇంకా ఎక్కువ వ్యాక్స్ కరుగుతుంది, జార్ వేడెక్కుతుంది. వత్తి సన్నమైతే దీనికి రివర్స్.

తేడా ఒక్కటే. లాంతరుకి మర ఉంది, క్యాండిల్‌కి లేదు. జార్‌లో వ్యాక్స్ పోసే రోజునే మనం ఆ మరని ఒకచోట తిప్పి శాశ్వతంగా బిగించేస్తున్నాం. వత్తి సైజు ఎంచుకోవడం అంటే అదన్నమాట.

పూజ వత్తులు వాడొచ్చా?

ఇది నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇంట్లో పూజకి పత్తి వత్తులు ఉన్నాయి కదా, అవి వేస్తే పోలా అని. వద్దండి. ప్రమిదలో ఆ వత్తి నూనెలో పడుకుని, అంచు మీద ఆని ఉంటుంది. చివర కాలితే మనం ముందుకు జరుపుకుంటాం. క్యాండిల్‌లో వత్తి నిలువుగా, ఎవరి ఆసరా లేకుండా నిలబడాలి. పూజ వత్తి చుట్టూ వ్యాక్స్ కరగ్గానే పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగిందంటే మంట నేరుగా గాజు గోడ పక్కకి చేరుతుంది.

క్యాండిల్ వత్తిని జడలా అల్లుతారు. 1825 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కాంబాసెరెస్ అనే ఆయన ఈ అల్లిన వత్తి కనిపెట్టాడు. అల్లిక వల్ల కాలుతున్న కొన కొంచెం వంగి మంట అంచుకి వస్తుంది. అక్కడ గాలి బాగా తగులుతుంది కాబట్టి కొన తనంతట తాను కాలి రాలిపోతుంది. అంతకుముందు మెలిపెట్టిన దారం వత్తులు వాడినప్పుడు, మంట సరిగ్గా ఉండాలంటే ఎవరో ఒకరు మాటిమాటికీ కత్తెరతో కత్తిరిస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

ఇంకొకటి. మధ్యలో లోహపు తీగ ఉన్న వత్తులు కూడా దొరుకుతాయి. ఒకప్పుడు ఆ తీగ సీసంతో ఉండేది. కాల్చితే సీసం గాలిలో కలుస్తుంది కాబట్టి అమెరికాలో 2003లో అలాంటి వత్తుల్ని నిషేధించారు. ఇప్పుడు ఎక్కువగా జింక్ తీగ వాడుతున్నారు. ఆ తీగ ఏంటో అమ్మేవాళ్ళు చెప్పలేకపోతే దాని జోలికి వెళ్ళకండి. మొదలుపెట్టేవాళ్ళకి అల్లిన కాటన్ వత్తి చాలు.

ముందు జార్ కొలవండి

వత్తి సైజుకి మొదటి ఆధారం జార్ లోపలి వెడల్పు. ఎత్తు కాదు, ఎన్ని ఎం.ఎల్. అన్నది కూడా కాదు. ఒకే వెడల్పు ఉన్న పొట్టి జార్‌కీ పొడుగు జార్‌కీ మొదట చూసే వత్తి ఒక్కటే. స్కేల్ పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచు దాకా కొలవండి. గాజు మందం కలపకూడదు. మందపాటి జార్‌లో బయటి కొలతకీ లోపలి కొలతకీ సెంటీమీటర్ దాకా తేడా వస్తుంది. వత్తి తప్పడానికి ఆ సెంటీమీటర్ చాలు.

పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న జార్ అయితే మీ పని సగం అయిపోయినట్టే. టీ గ్లాసు లాంటిది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. పై వెడల్పు చూసి వత్తి వేస్తే కిందికి వచ్చేసరికి అది లావైపోతుంది. కాబట్టి కింది కొలత వైపే మొగ్గండి. పైన అంచుల్లో కాస్త వ్యాక్స్ మిగిలినా పర్లేదు. మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా ఉండే పచ్చడి సీసాలు మాత్రం వద్దు. వేడంతా మూతి దగ్గరే పోగవుతుంది.

నంబర్ల గందరగోళం

వత్తులు కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు చెప్తాను. ప్యాకెట్ మీద 15 సెం.మీ. అనో 20 సెం.మీ. అనో ఉంటే అదే సైజు అనుకుంటాం. అది పొడవు. పొడవు ఎంతైనా కత్తిరించుకోవచ్చు. మనకి కావాల్సింది లావు, అంటే ఎన్ని దారాలతో ఎంత గట్టిగా అల్లారు అనేది.

ఆ లావుకి ఒక్కో సిరీస్‌లో ఒక్కో రకం నంబర్ ఉంటుంది. ఈకో సిరీస్‌లో 8, 10, 12 అని ఉంటాయి. ఎల్‌ఎక్స్‌లో 16, 18, 20 అని. హెచ్‌టీపీలో 83, 93, 104 అని. ఒక సిరీస్ నంబర్‌ని ఇంకో సిరీస్‌తో పోల్చకూడదు. చెప్పుల సైజు తెలుసు కదా, ఒక దేశం లెక్కలో 8, ఇంకో దేశం లెక్కలో 42. అలాగన్నమాట. ఒకే సిరీస్ లోపల మాత్రం నంబర్ పెరిగితే వత్తి బలం పెరుగుతుంది.

సిరీస్ పేరు లేకుండా ఊరికే "క్యాండిల్ విక్" అని అమ్మే ప్యాకెట్లు కూడా ఉంటాయి. టెస్ట్ చేసి నచ్చినా, మళ్ళీ అదే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. పదిమందికి ఇచ్చేవి చేస్తున్నప్పుడు సిరీస్, నంబర్ రాసి ఉన్నవే కొనండి.

మరి చార్ట్ దేనికి? మొదలుపెట్టడానికి. అంతవరకే. ఎందుకంటే చార్ట్ తయారుచేసినవాళ్ళకి మీ వ్యాక్స్ తెలియదు, మీ ఆయిల్ తెలియదు. కంటైనర్ సోయా వ్యాక్స్ రకాలు చాలావరకు 50 డిగ్రీల అటూ ఇటూ కరుగుతాయి. తేనెమైనం కరగాలంటే 62 నుంచి 64 డిగ్రీలు కావాలి, దానికి బలమైన వత్తి పడుతుంది. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ ఎక్కువ వేస్తే వత్తి పీల్చే తీరు మారుతుంది. వెనిల్లా లాంటి చిక్కటి వాసనలు, రంగు పొడులు వత్తి సందుల్లో పేరుకుని మంటని నీరసపరుస్తాయి. అందుకే మల్లె వాసనతో పాసైన వత్తి, అదే జార్‌లో వెనిల్లాతో ఫెయిలవ్వచ్చు. ఏ ఒక్కటి మార్చినా మళ్ళీ టెస్ట్ చేయాల్సిందే.

టెస్ట్ ఎలా చేయాలి?

పెద్దమ్మ ఫోన్ తర్వాత నేను చేసిన టెస్ట్ మొత్తం చెప్తాను, మీరూ అలాగే చేయొచ్చు.

నా జార్ లోపలి వెడల్పు 7 సెం.మీ. ఒక్కో జార్‌లో 200 గ్రాముల సోయా వ్యాక్స్, దానికి 8 శాతం, అంటే 16 గ్రాముల ఆయిల్. మొత్తం 216 గ్రాములు. ఒకేసారి కరిగించి, ఒకే వేడిలో మూడు జార్లలో పోశాను. వత్తి మాత్రమే వేరు. మధ్య జార్‌లో చార్ట్ చెప్పిన సైజు. ఒకదాంట్లో దానికంటే ఒక సైజు చిన్నది. ఇంకోదాంట్లో ఒక సైజు పెద్దది, అంటే సీమంతం రోజు నేను వేసింది. జార్ అడుగున మార్కర్‌తో చిన్న, మధ్య, పెద్ద అని రాసిపెట్టాను. ఈ పని మర్చిపోకండి, వారం తర్వాత ఏది ఏదో అస్సలు గుర్తుండదు.

సోయా వ్యాక్స్ అయితే పోసిన మర్నాడే వెలిగించకూడదు. పది రోజుల నుంచి రెండు వారాలు మూతపెట్టి పక్కన పెట్టండి. వ్యాక్స్ పూర్తిగా గట్టిపడాలి, ఆయిల్ అందులో కుదురుకోవాలి. తొందరపడి వెలిగిస్తే వాసన రాలేదని వత్తిని తప్పుపడతాం.

వెలిగించే ముందు వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరించాలి. గోళ్ళు తీసుకునే నెయిల్ కట్టర్‌తో కూడా చేయొచ్చు. కిచెన్ తూకంలో జార్ బరువు చూసి రాసుకోండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. మన విజయవాడ ఎండల్లో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఫ్యాన్ కింద మంట ఊగుతుంది, ఊగితే మసి వస్తుంది. అది వత్తి తప్పో గాలి తప్పో మీకు తేలదు. పక్క గదిలోకైనా మార్చండి, కానీ వెలుగుతున్నంతసేపూ చూస్తూ ఉండండి.

వెలిగించాక గంటకోసారి ఫోన్‌లో ఫోటో తీయండి. మొత్తం 4 గంటలు, అంతకు మించి వద్దు. తర్వాత ఆర్పి, పూర్తిగా చల్లారి గట్టిపడ్డాక మళ్ళీ బరువు చూడండి. మర్నాడు వత్తి కత్తిరించి మళ్ళీ 4 గంటలు. ఇలా అడుగున 12 మిల్లీమీటర్ల వ్యాక్స్ మిగిలేదాకా.

ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేద్దాం. 7 సెం.మీ. జార్‌లో అడుగున మిగిలే ఆ 12 మిల్లీమీటర్లు సుమారు 40 గ్రాములు. 216లోంచి అది తీసేస్తే కాలాల్సింది 175 గ్రాములు. గంటకి 5 గ్రాముల చొప్పున కాలితే 35 గంటలు. రోజుకి 4 గంటలంటే 9 రోజులు. అవును, 9 రోజులు. నేను సీమంతం ముందు చేసింది 2 గంటలు.

ఏం గమనించాలి?

వ్యాక్స్ కరిగి వత్తి చుట్టూ మడుగులా అవుతుంది, దాన్ని మెల్ట్ పూల్ అంటారు. జార్ వెడల్పు ప్రతి అంగుళానికి, అంటే రెండున్నర సెం.మీ.కి, దాదాపు ఒక గంట అని ఒక లెక్క ఉంది. 7 సెం.మీ. జార్‌లో మూడు గంటల దరిదాపుల్లో మడుగు అంచుకి చేరాలి. లోతు 6 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

వత్తి సన్నమైందని ఎలా తెలుస్తుంది? నాలుగు గంటలైనా మడుగు అంచుకి చాలా దూరంలోనే ఆగిపోతుంది. రోజు గడిచేకొద్దీ మధ్యలో బావి తవ్వినట్టు గొయ్యి పడుతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. మంట గింజంత అయిపోతుంది, ఒక్కోసారి కరిగిన వ్యాక్స్‌లో వత్తే మునిగి ఆరిపోతుంది.

వత్తి లావైందని ఎలా తెలుస్తుంది? మంట పొడుగ్గా లేచి, గాలి లేకపోయినా ఊగుతుంది. కొసన నల్లటి పొగ తీగలా వస్తుంది. జార్ మూతి దగ్గర మసి పడుతుంది. వత్తి చివర పుట్టగొడుగులా నల్లటి ముద్ద కడుతుంది. మడుగు చాలా త్వరగా అంచుకి చేరి లోతుగా అయిపోతుంది. జార్‌ని చేత్తో పట్టుకోలేం. తూకంలో చూస్తే వ్యాక్స్ గబగబా తగ్గిపోతుంటుంది.

మొదటి రోజు నా మూడు జార్లు ఎలా ఉన్నాయంటే: పెద్ద వత్తి జార్ గంటన్నరకే అంచుల దాకా కరిగిపోయింది, చూడ్డానికి అన్నిటికంటే అందంగా ఉంది. మధ్య జార్ మూడు గంటలకి చేరింది. చిన్న వత్తి జార్‌లో నాలుగు గంటలైనా చుట్టూ చిటికెన వేలు వెడల్పు అంచు మిగిలిపోయింది. ఆ రోజే ఆపేసి ఉంటే, చిన్నది ఫెయిల్, పెద్దది ఫస్ట్ అని రాసుకునేదాన్ని.

ఐదో రోజు నుంచి కథ తిరగబడింది. చిన్న వత్తి జార్‌లో మడుగు అంచుకి చేరిపోయింది, పైన మిగిలిన వ్యాక్స్ కూడా కరిగి కిందికి జారింది. మంట నిలకడగా ఉంది. మధ్య జార్ వేడెక్కడం మొదలైంది, మూతి దగ్గర సన్నగా మసి. పెద్ద వత్తి జార్‌లో మంట ఎత్తుగా ఊగుతూ, గాజు తాకలేనంత కాలిపోతోంది. దాన్ని అక్కడితో ఆర్పేశాను. అడుగు దాకా వెళ్తే ఏమవుతుందో పెద్దమ్మ టీపాయ్ మీద ఆల్రెడీ చూశాం కదా.

ఎందుకిలా జరుగుతుంది? పైన ఉన్నప్పుడు మంట వేడి బయటి గాలిలోకి పోతుంది. కిందికి దిగేకొద్దీ చుట్టూ గాజు గోడలు లేస్తాయి. వేడి అందులోనే బందీ అవుతుంది, వేడెక్కిన గాజు తిరిగి వ్యాక్స్‌ని కరిగిస్తుంది. తాజా గాలి కిందిదాకా సరిగ్గా అందదు కాబట్టి మసి పెరుగుతుంది. అంటే వత్తి మారకపోయినా, కింద దాని ప్రభావం పెరుగుతుంది. చివర్లో వ్యాక్స్ పొర పలచబడితే మంటకీ గాజు అడుగుకీ మధ్య అడ్డం ఉండదు. ఒకచోట విపరీతమైన వేడి, పక్కన చల్లటి గాజు. ఆ తేడాకి గాజు చిట్లుతుంది.

అందుకే మొదటి రోజు కాస్త అంచు మిగిలితే కంగారుపడి పెద్ద సైజుకి వెళ్ళకండి. సగం దాటేదాకా ఆగండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. సన్న వత్తితో పోయేది కొంచెం వ్యాక్స్. లావు వత్తితో పోయేది ఏంటో చెప్పక్కర్లేదు. సగం దాటాక కూడా గొయ్యి అలాగే ఉంటే మాత్రం అప్పుడు ఒక సైజు పెంచి మొదటి నుంచి టెస్ట్ చేయండి.

నా విషయంలో చార్ట్ చెప్పినదానికంటే ఒక సైజు చిన్నది గెలిచింది. ఇది నా జార్, నా వ్యాక్స్, నా ఆయిల్ ఫలితం. మీకు చార్ట్ సైజే సరిపోవచ్చు. నా నంబర్ కాపీ కొట్టకండి, నా తొమ్మిది రోజులు కాపీ కొట్టండి.

మీ డౌట్స్ కొన్ని

"వాసన రావట్లేదు, వత్తి పెంచమంటారా?" నేను చేసిన తప్పే ఇది. ముందు రెండు వారాలు ఆగారా లేదా చూడండి. ఆయిల్ తూకం వేసే కలిపారా, చెంచా లెక్కనా చూడండి. గది మరీ పెద్దదేమో చూడండి. మడుగు సరిగ్గా ఉండి వాసన రాకపోతే తప్పు వత్తిది కాదు.

"వెడల్పు 10 సెం.మీ. ఉంటే?" ఒక్క లావు వత్తి కన్నా రెండు సన్న వత్తులు మేలు. జార్ మధ్యకీ గోడకీ సగం దూరంలో, ఎదురెదురుగా ఒక్కొక్కటి పెట్టండి. ఒక్కో వత్తి ఆ వెడల్పులో సగాన్ని కరిగిస్తే చాలు కాబట్టి, సైజు ఆ లెక్కన చిన్నదే తీసుకోవాలి. పెద్ద జార్ కదా అని రెండూ పెద్దవే వేస్తే మంటలు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి.

"కొబ్బరి చిప్పలో చేస్తే?" రీల్స్‌లో చాలా బావుంటుంది. కానీ కొబ్బరి చిప్ప మనం పొయ్యిలో వేసే వస్తువు, గుర్తుంచుకోండి. వేడికి నిలిచే గాజు గానీ, రేకు డబ్బా గానీ వాడండి. నీళ్ళు తాగే పల్చటి గ్లాసులు కూడా వద్దు.

"అడుగున రేకు బిళ్ళ తప్పనిసరా?" అవును. వత్తి దిగువన ఉండే ఆ బిళ్ళకి చిన్న మెడ ఉంటుంది. వ్యాక్స్ ఆ మెడ కంటే కిందికి దిగితే వత్తికి అందదు, మంట దానంతట అదే ఆరిపోతుంది. మెడ కొంచెం ఎత్తున్నదే కొనండి. దాన్ని సరిగ్గా మధ్యలో అతికించండి. సైజు ఎంత కరెక్టైనా, పక్కకి జరిగిన వత్తి గాజుని కాలుస్తుంది.

చివరగా, ఎవరికైనా క్యాండిల్ ఇస్తుంటే దాంతోపాటు ఒక చిన్న కాగితం కూడా పెట్టండి. ప్రతిసారి వత్తి 6 మిల్లీమీటర్లకి కత్తిరించాలి. ఒకేసారి 4 గంటలు దాటకూడదు. అడుగున వేలు వెడల్పు వ్యాక్స్ మిగలగానే ఆపేయాలి. పిల్లలకీ కర్టెన్లకీ దూరంగా పెట్టాలి. మంట పెరిగితే నీళ్ళు అస్సలు పోయకూడదు, మరిగే నూనెలో నీళ్ళు పడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఏదైనా లోహపు మూతో స్టీలు ప్లేటో పైన పెట్టేస్తే గాలి అందక ఆరిపోతుంది.

మొన్న సంక్రాంతికి పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, భయపడుతూనే కొత్త జార్ ఒకటి తీసుకెళ్ళాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని అడుగు దాకా కాల్చి చూశావా?" అంది. "తొమ్మిది రోజులు కాల్చాను పెద్దమ్మా" అన్నాను. "అయితే వెలిగించు" అంది.

మీ దగ్గర ఇప్పుడు సగం కాలిన జార్ ఏదైనా ఉంటే, ఈ రాత్రి ఒక గంట వెలిగించి పక్కనే కూర్చుని గమనించండి. మంట ఎత్తు, మూతి దగ్గర మసి, గాజు వేడి, ఈ మూడూ చూస్తే చాలు. మీ జార్ లోపలి వెడల్పు, వ్యాక్స్, వత్తి సిరీస్, నంబర్ అన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాతి బ్యాచ్‌కి పనికొస్తుంది. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.